టెలోమియర్ టెస్టు కన్నా ముందు చేతిలో ఉన్న రిపోర్టు చూడండి

మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ‘బయలాజికల్ ఏజ్’ టెస్టుల మాట తరచూ వినిపిస్తోంది. లాలాజలమో, కాస్త రక్తమో పంపిస్తే టెలోమియర్ల పొడవు కొలిచి, శరీరానికి అసలు వయసెంతో చెబుతారు. అవి కురచగా ఉన్నవాళ్ళకు ఫ్యాటీ లివర్ ముప్పు ఎక్కువట కదా, చేయించుకోమంటారా అని అడిగేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ మనలో చాలామందికి ఆ టెస్టు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

టెలోమియర్ అంటే క్రోమోజోమ్ కొసన ఉండే డీఎన్ఏ. చీర కొంగు దారాలు ఊడిపోకుండా కుచ్చులు ముడివేస్తామే, అలాంటి రక్షణే అది. కణం విభజన జరిగినప్పుడల్లా కొంచెం తరుగుతుంది. ఆ తరుగును పూడ్చే ఎంజైము టెలోమరేజ్. ఈ గుట్టు విప్పినందుకే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది.

ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో కణాలు అరుదుగానే విభజన చెందుతాయి. కొవ్వు పేరుకుని వాపు మొదలైతే కొన్ని చనిపోతాయి, ఆ లోటు తీర్చడానికి మిగిలినవి మళ్ళీ మళ్ళీ విభజన చెందాలి. టెలోమియర్ ఒక హద్దు దాటి అరిగిపోయాక కణం ఇక విభజన ఆపేస్తుంది. పోయిన కణాల చోట మచ్చ కడుతుంది. అదే ఫైబ్రోసిస్, ముదిరితే సిరోసిస్. అంటే లివర్‌లో కనిపించే ఆ తరుగులో చాలా భాగం జబ్బు చేసిన నష్టమే. పైగా అమ్మే టెస్టులు కొలిచేది రక్తంలోనో లాలాజలంలోనో ఉన్న కణాలను, లివర్ కణాలను కాదు. టెలోమియర్లు పెంచుతామనే మాత్రల జోలికి అసలు పోవద్దు. పుట్టుకతోనే అవి పొడవుగా ఉన్నవాళ్ళకు కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు ఎక్కువని జన్యు పరిశోధనల్లో తేలింది.

అయితే కొన్ని ఇళ్ళ సంగతి వేరు. టెలోమరేజ్ జన్యువుల్లో లోపాలు సిరోసిస్ రోగుల్లో కొందరికి ఉన్నాయని 2011లో పరిశోధకులు చూపించారు. ముప్పై దాటకముందే తల నెరవడం, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్, తాగుడు లేకుండానే సిరోసిస్, ఎముకమజ్జ జబ్బు ఒకే వంశంలో కనిపిస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. వాళ్ళకు ఆ పరీక్ష అవసరమే.

మిగతా మనందరి సంగతి? హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్టు 2025లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. చిన్న అధ్యయనమే, కానీ మనలో చాలామందిది అదే కుర్చీ, అదే అర్ధరాత్రి కాల్స్, అదే టెన్షన్. ‘మందు ముట్టను, నాకేం కాదు’ అనే ధీమా మనవాళ్ళలో ఎంత గట్టిగా ఉందో చూస్తే నాకు భయమేస్తుంది.

ఏటా చేయించుకునే రక్తపరీక్ష రిపోర్టు తీయండి. 46 ఏళ్ళ మనిషిది అనుకుందాం: లివర్ ఎంజైములైన ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలు. పైపైన చూస్తే కంగారు పడాల్సిందేమీ కనిపించదు. వయసును ఏఎస్‌టీతో గుణించి, వచ్చినదాన్ని వేలల్లో ప్లేట్‌లెట్ల సంఖ్యతోను (ఇక్కడ 180), ఏఎల్‌టీ వర్గమూలంతోను భాగించండి. 1.39 వస్తుంది. లివర్‌లో మచ్చ ముప్పును అంచనా వేసే ఈ లెక్కనే ఫిబ్-4 అంటారు. 1.3 దాటితే (65 ఏళ్ళు పైబడినవాళ్ళకు 2 దాటితే) ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) లాంటి తర్వాతి పరీక్ష గురించి డాక్టరును అడగాలి. 35 ఏళ్ళలోపువాళ్ళకు ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు. అదనంగా పైసా ఖర్చు లేని ఈ లెక్కను మనంతట మనం అడిగితే తప్ప చాలాచోట్ల వేయరు.

మనవాళ్ళకు నడుము కొలత కూడా ముఖ్యమే. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు చాలామందిలో తగ్గుతుంది, పది దాటితే మచ్చ కూడా తగ్గే అవకాశం ఉంది.

మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. మన హెల్త్ క్యాంపుల్లో బీపీ, షుగర్ చూసే బల్ల పక్కనే ఒక టేపు, ఒక క్యాలిక్యులేటర్ పెట్టండి. పాత రిపోర్టు తెచ్చుకోమని ఆహ్వానంలోనే రాయండి. మన వలంటీర్లలో డాక్టర్లకు కొదవలేదు, మనిషికి ఐదు నిమిషాలు చాలు.