సవరణ: నిమ్మచెట్లకు మందు కొలత

తుఫానుకు దెబ్బతిన్న గూడూరు, పొదలకూరు సభ్యుల నిమ్మచెట్ల కోసం తోటల సంఘం ఇచ్చిన సూచనలో, 10 లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం కలిపి పిచికారీ చేయమని ఉంది. అది బోర్డో పేస్టు (శిలీంధ్ర తెగుళ్లు సోకకుండా పూసే చిక్కటి మందు) కొలత. విరిగిన కొమ్మను రంపంతో నున్నగా కోసి, ఆ కోతకు, మొదలుకు కుంచెతో పూయడానికే. ఆకుల మీద కొడితే లేత చిగుళ్లు మాడతాయి, స్ప్రేయర్ నాజిల్ కూడా పూడుకుపోతుంది.

పిచికారీకి 10 లీటర్లకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం చాలు. ప్లాస్టిక్ బకెట్లలో ఐదేసి లీటర్లలో విడివిడిగా కరిగించి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోస్తూ కలపండి. ఇనుప బకెట్ వద్దు. శుభ్రమైన చాకు మొన ముంచి చూడండి: ఎర్రటి పూత పడితే సున్నం తక్కువైనట్టే, పూత పడనిదాకా సున్నపు తేట కొంచెం కొంచెం చేర్చాలి. వడగట్టి అదే రోజు వాడేయండి.

వీటన్నిటికంటే ముందు పాదుల్లో నిలిచిన నీళ్లు కాలవ తీసి బయటికి పంపాలి, దయచేసి ఆలస్యం చేయకండి. గాలాడని వేరు యూరియా వేసినా తీసుకోలేదు.

పాత కొలతతో పొట్లాలు తీసుకున్నవాళ్లు పారేయొద్దు, తూకం వేసి విడగొట్టుకోండి. సంఘం తక్కెడ ఇస్తుంది.