ఇరవై గ్రాముల ములికి

కొలిమిలో బాణపు ములికి చేయడం ఒక ఎత్తు, ఆరింటిని ఒకే బరువుతో చేయడం ఒక ఎత్తు. మధ్యయుగపు ఇంగ్లండులో నిలువెత్తు విల్లులకు వాడిన బాడ్కిన్ ములికి మీద నాకు మోజు. నాలుగు పలకల సన్నని మొన, వెనక కర్ర దూరే గొట్టం. ఒక్కోటి 20 గ్రాములు తూగాలి. తేడా వస్తే ఒకే గురికి వేసిన బాణాలు తలోచోట దిగుతాయి.

లెక్క బాగానే వేశాను. 10 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ సెంటీమీటరుకు 6 గ్రాముల పైచిలుకు. 4 సెంటీమీటర్లు కోస్తే సుమారు 24. కాల్చినప్పుడల్లా నల్లటి పొలుసు లేచి కొంత రాలిపోతుంది, మిగతా అదనం ఆకురాయి పాలు. నా ప్రాణం తోడేసింది గొట్టమే. కడ్డీ చివరను విసనకర్రలా పలచగా సాగగొట్టి, దాగలి కొమ్ము మీద గరాటులా చుట్టాలి. ఆ పలచని అంచు ఒక్క క్షణం ఎక్కువ కాలిందా, కాకరపువ్వొత్తే. రెండు అలాగే పోయాయి.

మిగిలిన ఆరింటినీ వంటింటి త్రాసు తెచ్చి పనిబల్ల మీద తూచాను. 23, 26, 22... ఇరవైనాలుగు గ్రాముల ముక్క కొలిమిలో పడి 26 ఎలా అయిందో అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఈ వ్యాసమే లేదు.

ఆకురాయి అందుకున్నాను. ఒకదాన్ని అరగదీస్తే పక్కది బరువుగా తేలేది, పిల్లులకు రొట్టె పంచిన కోతిలా అటూ ఇటూ కొరుకుతూ పోయాను. ఒక ములికి అయితే పది నిమిషాలు రాశాక గ్రాము పెరిగింది. త్రాసు మీదే కాస్త పక్కకు జరిపితే రెండు గ్రాములు తగ్గింది. "అదీ!" అనుకున్నాను. సాయంత్రానికి ఆరూ ఇరవైకి వచ్చాయి.

"ఏమండీ, త్రాసు ఇస్తారా, ఉంచేసుకుంటారా?" అంటూ మా ఆవిడ వచ్చి, మీద ములికి ఉండగానే పట్టుకెళ్లింది. వంటింట్లోంచి గొంతు వినిపించింది: "దీని మీద మీదేదో ఉంది, 13 చూపిస్తోంది!"

వంగి బల్ల కింద చూశాను. రజను ఏరడానికి అంటించి పెట్టుకున్న అయస్కాంతం, సరిగ్గా త్రాసు పెట్టిన చోటే, పొద్దున్నుంచీ ములుకులను కిందికి లాగుతోంది.

ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ కాలంలో, 1406లో, ములికి మొనను ఉక్కుతో గట్టిపరచాలని, చేసినవాడి గుర్తు దాని మీద ఉండాలని, నాసిరకం చేస్తే జైలని చట్టం తెచ్చారు. నావాటి మీద నేనింకా గుర్తు కొట్టలేదు.