ల్యాప్‌టాప్ ధర కన్నా ముందు దాని అడుగు మూత సంగతి అడగండి

మా అక్క కూతురు ఈ ఏడాది కంప్యూటర్ సైన్సులో చేరడంతో, ల్యాప్‌టాప్ ఎంపిక చేసే పని నా మీద పెట్టి, మా బావ నన్ను కావలి నుంచి నెల్లూరు ట్రంకు రోడ్డుకు తీసుకువెళ్లారు. దుకాణంలో 25 వేల రూపాయలది ఒకటి, 60 వేలది ఒకటి పక్కపక్కనే ఉన్నాయి. "రెండూ వెలగతానే ఉండాయి గదా అబ్బయా, 35 వేలు ఎక్కువ ఎందుకు పెట్టాల?" అని ఆయన అడిగారు. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. రొయ్యల ధర పడిపోయిన ఏడాది 35 వేలంటే ఎంతో గుంట గట్టు మీద నిలబడినవారికే తెలుస్తుంది.

అయితే నేను అటువంటి చవక యంత్రంతో ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి. దానికి 4 జీబీ ర్యామ్ (తెరిచిన పనులను అప్పటికప్పుడు పట్టి ఉంచే చోటు), ఫైళ్లు దాచే 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ ఉండేవి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత సరిగ్గా అంతే కాబట్టి, "నడుస్తుంది సార్" అన్న దుకాణదారు మాట అబద్ధమని అనలేను. కానీ బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిచేసరికి ర్యామ్ నిండిపోయి, చాలని చోటును నిల్వ నుంచి అరువు తెచ్చుకొనేది. ఆ నిల్వ ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన రకం కాక, అంతకన్నా చాలా నెమ్మదైన చిప్పు కావడంతో, మీట నొక్కిన తరువాత అక్షరం తెరమీదికి రావడానికి ఎదురుచూడవలసి వచ్చేది. ర్యామ్ పెంచమని మెకానిక్కుకు ఇస్తే, అతడు అడుగు మూత విప్పి, ర్యామ్, నిల్వ రెండూ బోర్డుకే టంకం పెట్టి ఉన్నాయని, మార్చడం కుదరదని చూపించి, మళ్లీ బిగించి చేతికిచ్చాడు.

నా కోపం చవకతనం మీద కాదు, ఆ టంకం మీద. ఖరీదైనవాటిలోనూ ఈ జబ్బు ఉంది: మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కొన్న తరువాత ర్యామ్ పెంచే వీలే లేదు. ఉత్తరాలు రాసుకొని పాఠాల వీడియోలు చూసేవారికి 8 జీబీ చాలు. మా పిల్ల రేపు ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే, దానికి ఆ 8 జీబీ కనీసం మాత్రమే.

ఇదంతా చెప్పాక, రొయ్యల గుంట నీటికి గాలి పట్టించే ఏరేటరు కొనేటప్పుడు మోటారుకు రీవైండింగు కుదురుతుందా అని తప్పక అడిగే మా బావ, 40 వేలలో 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మూడో యంత్రాన్ని తెప్పించి, "ర్యామ్ స్లాటు ఒకటి ఖాళీ" అని బిల్లు మీద రాయించుకొన్న తరువాతే డబ్బు కట్టారు.