చెరువు సిలబస్‌లో లేదు

అనంతపురంలో పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడి భౌతికశాస్త్రం నోటుబుక్కులో గత సోమవారం ఒక చారిత్రక తీర్పు వెలువడింది. కరెంటుకు అడ్డుపడే నిరోధాలు, ఒక్కొక్కటి 6 ఓంలవి, మూడింటిని సమాంతరంగా, అంటే కరెంటుకు మూడు వేర్వేరు దారులుగా కలిపితే ఫలిత నిరోధం ఎంత, అది ఎందుకు తగ్గుతుంది అన్నది ఇంటిపని. వాడు 2 ఓంలని సరిగ్గానే రాసి, కారణం కింద ఒక చెరువును, దాని మూడు తూములను ప్రస్తావించాడు. ఆ చెరువు మీద ఎర్రసిరాతో అడ్డగీత పడి, పక్కన 'చెరువు సిలబస్‌లో లేదు' అని నమోదైంది. అప్పీలుకు తావులేని ఈ తీర్పును శిరసావహిస్తూనే, నేరం జరిగిన రాత్రి ఆ ఇంట్లోనే ఉన్నవాణ్ణి గనుక సాక్ష్యం చెప్పుకుంటున్నాను.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి, బ్యాంకులో కోట్ల రుణాలకు వడ్డీ లెక్కగట్టే మా బావ క్యాలిక్యులేటరు తీసి, మూడారులు పద్దెనిమిది అని ప్రకటించాడు. గైడులో 2 అని ఉండటం చూసి, అచ్చుతప్పు పడిందని తీర్మానించాడు. మా అక్క ప్రశ్నను ఫోటో తీసి ట్యూషన్ సారుకు పంపగా, ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మను తిరిగి పంపి మౌనం వహించాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావగారి తమ్ముడు వీడియో కాల్‌లోకి వచ్చి, తాను ఈ పేపరును మూడోసారికి గట్టెక్కిన అనుభవంతో చెబుతున్నానని, జవాబు 2 కావచ్చునని, కాకపోనూ వచ్చునని అభిప్రాయపడ్డాడు. అప్పుడే కరెంటు పోయింది. ఫోను టార్చి వెలుగులో తలలన్నీ ఒకచోట చేర్చి, వలయంలో బల్బు ఎందుకు వెలుగుతుందో మేము పరిశోధిస్తుండగా, మంచం మీద నుంచి వాడి జేజినాయన గొంతు వినిపించింది.

"ఒరే నాయనా, బుక్కరాయసముద్రం లాంటి చెరువుకు ఒగ తూము తెరిస్తే నీళ్లు ఎక్కువ పోతాయా, మూడు తెరిస్తే ఎక్కువ పోతాయా?"

మూడు తెరిస్తేనని వాడన్నాడు.

"మరి నీళ్లకు అడ్డం తగ్గినట్లా, పెరిగినట్లా?"

వాడు పెన్ను అందుకున్నాడు. మా బావ క్యాలిక్యులేటరును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

వోల్టులను ఓంలతో భాగిస్తే కరెంటు ఎన్ని ఆంపియర్లో తేలుతుందన్న తన సూత్రాన్ని 1827లో పుస్తకంగా అచ్చువేసిన జార్జ్ సైమన్ ఓమ్ కూడా జర్మనీలో బడిపంతులే. పరికరాలు తానే తయారుచేసుకొని, తీగల పొడవులు మార్చి మార్చి కొలిచాడు. పాపం, ఆయనకు గైడు దొరకలేదు. మా వాడి బడిలో సెల్లులూ బల్బులూ బీరువాలో తాళం వేసి భద్రంగా ఉన్నాయి. తనిఖీకి వచ్చే అధికారులకు మాత్రమే వాటి దర్శనం.

కప్పీల పాఠమూ ఇంతే. స్థిర కప్పీకి ఉదాహరణ బావి గిలక అని, వెయ్యి అడుగుల బోర్లు తప్ప గిలక బావి ఎరుగని పిల్లలు వల్లిస్తారు. స్థిర కప్పీ బరువును తగ్గించదు, లాగే దిక్కును మాత్రమే మారుస్తుంది. ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి దగ్గర వాటిని వాలులో కిందికి తోలి, వాటి బరువును కూడా లాగుడుకు కలుపుకున్న జేజినాయనకు ఆ దిక్కు విలువ తెలుసు. కానీ ఆయన కూడా సిలబస్‌లో లేడు.

నేనూ ఒక లెక్క ఇస్తాను, ఆ ఎర్రసిరా పెన్నుతో దిద్దమనండి. పొడి చర్మానికి వేల ఓంల నిరోధం ఉంటుంది. తడిస్తే అది వెయ్యికి పడిపోవచ్చు. 230 వోల్టులను 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. అందులో సగం చాలు, గుండె లయ తప్పడానికి. తడి కాళ్లతో స్టార్టరు పెట్టె తెరిచే రైతు, ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం చూసి చూసి తానే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి నడిచే రైతు ఈ జిల్లాల్లో ఏ ఊళ్లో లేడు? ఆయన కొడుకు అదే ఓమ్ సూత్రం కింద స్కేలుతో రెండు గీతలు కొడుతున్నాడు. 'నాయనా, తడి చేత్తో ముట్టుకోవద్దు, ఇదిగో లెక్క' అని వాడు ఇంట్లో చెప్పగలిగే ఆ ఒక్క ప్రశ్న నేను చూసిన ఏ ఇంటిపనిలోనూ లేదే! వలయం బొమ్మకు రంగు పెన్సిలు వాడలేదని మార్కు కోయడానికి తీరిక ఉన్నవాళ్లకు, దీన్ని అడగడానికి ఏ సిలబస్ అడ్డం వచ్చింది? సిగ్గుండాలి.

మా వాడికి పడిన శిక్ష, గైడులోని జవాబును పదిసార్లు రాయడం. ఎనిమిదోసారి రాస్తుండగా కరెంటు పోయింది. మిగిలిన రెండుసార్లూ టార్చి వెలుగులో పూర్తిచేశాడు. మంచం మీద జేజినాయన మేలుకొనే ఉన్నాడు గానీ, ఈసారి ఏమీ అడగలేదు.