ఒక్క పోరాటంతో ముగిసే ఆదివారం: ఫైటర్‌కు అన్యాయం ఎక్కడ జరుగుతోంది?

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా డైస్ వేస్తూ కథ ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. విశాఖలో అది ఆడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. ఫైటర్‌గా (కత్తి పట్టే వీరుడిగా) ఆడే మనిషి ఓపిగ్గా తన వంతు కోసం కూర్చుంటాడు. వంతు వచ్చేసరికి మంత్రాలు వేసే విజార్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వేసి గోబ్లిన్లందరినీ బూడిద చేసేసి ఉంటాడు. ‘ఇంక నేనెందుకు గురూ?’ అన్న మాట ఏదో ఒక రోజు ప్రతి బల్ల దగ్గరా వినబడుతుంది. అప్పుడు డంజన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి, ఫైర్‌బాల్ బలం తగ్గించేస్తాడు. లేదా ఫైటర్ చేతిలో ఓ మాయకత్తి పెడతాడు. ఈ రెండు పనులూ చేయొద్దని నేను గట్టిగా అంటాను. ఆటలోని ఒక రోజులో ఎన్ని పోరాటాలు పడుతున్నాయన్నది ముందు చూసుకోవాలి.

ఆట రూల్స్ ఐదో ఎడిషన్ లెక్క ఒకసారి చూద్దాం. ఐదో లెవెల్ విజార్డ్‌కు మూడో స్థాయి స్పెల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి మంత్రం వేసే అవకాశాలు, రెండే ఉంటాయి. ఫైర్‌బాల్ 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్న అందరి మీదా పడుతుంది. ఆరు ముఖాల డైస్ ఎనిమిది వేస్తారు, సగటున 28 డ్యామేజ్. తప్పించుకోగలిగినవాడికి అందులో సగం తగులుతుంది. అదే లెవెల్ ఫైటర్, బలం 18 ఉన్నవాడు, రెండు చేతుల కత్తితో రెండు దెబ్బలూ తగిలిస్తే సగటున 22. విడిగా చూస్తే ఇది ఘోరమైన తేడాగానే కనిపిస్తుంది. కానీ 2014లో వచ్చిన డంజన్ మాస్టర్ గైడ్ ఏమనుకుందంటే, ఆటలోని ఒక రోజులో ఓ మోస్తరు నుంచి కష్టమైనవి దాకా ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు పడతాయి, మధ్యలో గంటేసి షార్ట్ రెస్ట్‌లు రెండు ఉంటాయి. అలాంటి రోజు మధ్యాహ్నానికే విజార్డ్ దగ్గర పెద్ద స్పెల్స్ అయిపోతాయి. ఫైటర్ కత్తి మాత్రం అయిపోదు. పైగా ఒక వంతులో రెట్టింపు దాడులు చేయించే అతని యాక్షన్ సర్జ్, ప్రతి షార్ట్ రెస్ట్ తర్వాతా తిరిగొస్తుంది.

ఇప్పుడు మన ఆదివారం సంగతికి వద్దాం. ఒకరు గాజువాక నుంచి రావాలి, ఇంకొకరు మధురవాడ నుంచి. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ ఉన్నవాళ్లు చీకటి పడకుండానే లేచిపోవాలి. టీ అయ్యాక, పోయిన వారం కథ గుర్తు చేసుకున్నాక మిగిలేది రెండున్నర, మూడు గంటలు. ఐదుగురు ఆడే బల్ల మీద ఒక్క పోరాటమే గంట దాటుతుంది. దాంతో ఆ వారానికి ఒక్క పోరాటం, మహా అయితే రెండు. చివర్లో డంజన్ మాస్టర్ ‘అందరూ పడుకున్నారు, తెల్లారింది’ అనేస్తాడు. ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ దొరికినట్టే, అన్ని స్పెల్స్ తిరిగొచ్చినట్టే. వచ్చే ఆదివారం విజార్డ్ మళ్లీ నిండుకుండలా వస్తాడు.

టీ20 క్రికెట్‌లో వాన పడి మ్యాచ్‌ను 5 ఓవర్లకు కుదిస్తే, బౌలర్ కోటాను కూడా 4 ఓవర్ల నుంచి ఒక్క ఓవర్‌కు కుదిస్తారు. మనం మ్యాచ్‌ను కుదించి విజార్డ్ కోటాను మాత్రం అలాగే ఉంచేస్తున్నాం.

ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఫైటర్ కూడా కాదు, మంత్రాలు వేసే ఇంకో రకం పాత్ర వార్లాక్. ఐదో లెవెల్‌లో అతనికి ఉన్నవే రెండు స్లాట్లు. అవి షార్ట్ రెస్ట్‌కే తిరిగొస్తాయి కాబట్టి, రెండు రెస్ట్‌లున్న రోజున మూడో స్థాయి స్పెల్స్ ఆరు వేయగలడు. ఒక్క పోరాటంతో ముగిసే రోజున రెండే వేస్తాడు. పక్కన విజార్డ్‌కు అవే రెండు, వాటితోపాటు కింది స్థాయివి ఇంకో ఏడు. వార్లాక్‌ను ఎంచుకున్న కొత్త ఆటగాడు తనకే ఆట రావడం లేదనుకుని మానేస్తే, ఆ నష్టం బల్ల మొత్తానిది.

క్లాసుల (అంటే ఫైటర్, విజార్డ్ లాంటి పాత్రల రకాల) మధ్య ఈ తూకం కోసం ఆట పుట్టినప్పటి నుంచీ ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆటలో ఉన్నవి మూడే క్లాసులు. థీఫ్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. అప్పట్లో లెవెల్ ఎక్కడానికి ఒక్కో క్లాస్‌కు ఒక్కో లెక్క ఉండేది. మంత్రం వేసేవాడు రెండో లెవెల్‌కు 2,500 పాయింట్లు కూడబెట్టాలి, కత్తి పట్టేవాడికి 2,000 చాలు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అందరికీ ఒకే పట్టిక పెట్టింది. దాంతో పై లెవెల్స్‌లో విజార్డ్‌ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. 2008 నాటి నాలుగో ఎడిషన్ అందరికీ ఒకే అచ్చులో శక్తులు పంచింది: ఎప్పుడూ వాడుకునేవి కొన్ని, పోరాటానికొకసారి కొన్ని, రోజుకొకసారి కొన్ని. తూకం కుదిరింది, కానీ అన్ని క్లాసులూ ఒకేలా అనిపిస్తున్నాయని చాలామంది దూరమయ్యారు. నా మటుకు నాకు ఆ ఎడిషన్ మీద గౌరవమే ఉంది. అయినా తూకం కోసం క్లాసుల రుచులన్నీ ఒకటైపోవడం నాకిష్టం లేదు.

మరి చేయాల్సిందేమిటి? రెస్ట్‌ను మన ఆదివారం గడియారం నుంచి విడదీయాలి. 2014 గైడ్‌లోనే ఒక ప్రత్యామ్నాయం ఉంది. అందులో షార్ట్ రెస్ట్‌కు ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్‌కు ఏడు రోజులు పడుతుంది. మన ఆదివారాలకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఉదాహరణకు అనంతగిరి ఘాట్ ఎక్కి బొర్రా గుహల్లోకి దిగే కథ అనుకోండి. మొదటి వారం ఘాట్ మలుపులో దొంగల దాడి, రాత్రి అడవిలో పడక. అది షార్ట్ రెస్టే. రెండో వారం గుహలో సున్నపురాతి స్తంభాల మధ్య ఏదో కదులుతుంది. మూడో వారం గోస్తనీ ఒడ్డున అసలు పోరాటం. లాంగ్ రెస్ట్ కావాలంటే తిరిగి శృంగవరపుకోట చేరాలి. అలా ఒక ‘రోజు’ మూడు ఆదివారాలకు సాగుతుంది. విజార్డ్ మొదటి వారమే ఫైర్‌బాల్ వేయాలా వద్దా అని ఆలోచిస్తాడు. ఆ టెన్షనే ఆ క్లాస్‌కు అసలు అందం. దాన్ని మనం విజార్డ్ ఆడేవాళ్ల నుంచి కూడా లాగేసుకుంటున్నాం.

ఒక జాగ్రత్త. గంటల తరబడి ఉండేలా పొద్దున్నే వేసుకునే మాయకవచం మేజ్ ఆర్మర్ లాంటి స్పెల్స్ ఈ పద్ధతిలో దెబ్బతింటాయి. వాటి గడువు పెంచాలి, ఆ మాట కథ మొదలవకముందే అందరితో చెప్పేయాలి.

పోరాటం బయట సంగతి వేరు. అక్కడ తూకం పోయేది ఎక్కువగా డంజన్ మాస్టర్లు రూల్ పూర్తిగా పాటించకపోవడం వల్లే. నాక్ స్పెల్ తాళం తీస్తుంది, నిజమే. కానీ ఆ చప్పుడు 300 అడుగుల దాకా వినబడుతుంది. అది వినాల్సిన కాపలావాళ్లు విని తీరాలి. అప్పుడే తాళాలు తీసే పాత్ర రోగ్ చేతిలోని పనిముట్లకు విలువ. ఎగిరే స్పెల్ ఫ్లై వేసుకుని గాల్లో ఉన్నవాడికి దెబ్బ తగిలితే ఏకాగ్రత నిలిచిందో లేదో డైస్ వేయించాలి, నిలవకపోతే కింద పడాలి. ఫైటర్‌కు ఇలాంటి చోట చేయడానికి పెద్దగా ఏమీ లేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. 2024లో వచ్చిన కొత్త రూల్స్ పుస్తకం కొంత సర్దింది: రెండో లెవెల్ నుంచే ఏదైనా పనికి వేసిన డైస్ విఫలమైతే ఫైటర్ తన సెకండ్ విండ్‌ను (గాయాల నుంచి తేరుకునే శక్తిని) దానికి కలుపుకోవచ్చు, ఆయుధాలతో శత్రువును తోయడం, పడగొట్టడం లాంటివీ వచ్చాయి. విచిత్రంగా, అదే ఏడాది డంజన్ మాస్టర్ గైడ్ రోజుకు ఎన్ని పోరాటాలన్న లెక్కను తీసేసింది. ఆ బాధ్యత ఇప్పుడు పూర్తిగా బల్ల నడిపేవాళ్ల మీదే ఉంది.

పదమూడో లెవెల్‌లో టెలిపోర్ట్ చేతికొచ్చాక మాత్రం రెస్ట్ లెక్కలు నిలవవు. అడవి మధ్య నుంచి విజార్డ్ అందరినీ ఒక్క క్షణంలో శృంగవరపుకోటకు తీసుకుపోతాడు. అందుకే వారానికి మూడు గంటలు ఆడేవాళ్లు పదో లెవెల్ చుట్టుపక్కల కథ ముగించి కొత్త పాత్రలతో మొదలుపెట్టడం మేలంటాను. ఈసారి విజార్డ్ ఆడిన మనిషి కత్తి పట్టుకోవచ్చు.