సగటు రాబడి గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ సగటు వార్షిక రాబడి గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఆ కుశలమేదో మీ వైపే ఉన్నట్టుంది. నాలుగేళ్ళ ఫండ్ స్టేట్‌మెంటు ముందేసుకుని నిన్న మధ్యాహ్నమంతా సలహాదారు గారి ఎదుట కూర్చున్నాను. ఆయన వేలు మీ మీద నుంచి కదిలితే ఒట్టు. "సగటున ఏడాదికి పది శాతం అండీ!" అంటారు. మరి పెట్టిన నూటికి తొంభై రెండే మిగిలాయేమండీ అంటే, మళ్ళీ మిమ్మల్నే చూపిస్తారు.

ఆయన అబద్ధమాడలేదు, అదే నా బాధ. మొదటి ఏడు 60 శాతం పెరిగింది, రెండో ఏడు 40 శాతం తగ్గింది. మూడో ఏడూ నాలుగో ఏడూ అదే వరస. కూడి నాలుగుతో భాగిస్తే అక్షరాలా 10. డబ్బు నడిచిన దారి మాత్రం వేరు. 100 కాస్తా 160 అయింది, అందులో 40 శాతం పోయి 96కి వచ్చింది. అది 153.60కి ఎక్కి, చివరికి 92.16 దగ్గర ఆగింది. ఏటా పది శాతమంటే 146 దాటాలి కదా! ఆ 54 ఎవరి సంచిలో ఉన్నట్టు?

పెరిగింది 100 మీద, తరిగింది 160 మీద. బళ్ళో పిల్లలకు కూడా తెలిసిన సంగతే, మీకే పట్టదు. కూడికలు తప్ప గుణకారం ఎరగని ప్రాణం మీది. మీ తమ్ముడు గుణమధ్యమం గారు, ఏటేటి మార్పులను కూడకుండా గుణించి సగటు తీసే మనిషి, అదే స్టేట్‌మెంటు చూసి ఏడాదికి మైనస్ 2 శాతం అని ఉన్నమాట చెబుతారు. మీకంటే ఒక్క అంకె ఎక్కువ చెప్పిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. ఒడిదుడుకులు పెరిగేకొద్దీ మీకంటే ఇంకా కిందికి దిగుతారు, రమారమి వేరియన్స్ అనే ఒడిదుడుకుల కొలతలో సగం మేర. అందుకే కాబోలు, బ్రోచర్ల మీదికి ఆయనకు పిలుపు రాదు.

మీ పరివారమూ తక్కువ తినలేదు. రాబడి సగటుకు అటూ ఇటూ ఎంత ఊగిందో కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ గారికి 60 పెరిగినా రిస్కే, 40 పడినా రిస్కే. 1952లో ఆర్థికవేత్త మార్కోవిట్జ్ రిస్కును కొలిచే ఆ కొలువిచ్చారు. పడిపోవడాన్ని మాత్రమే కొలిచే పద్ధతి మెరుగని తర్వాత ఆయనే అన్నా, కొలువు ఊడలేదు. ఇక రాబడులన్నీ సగటు చుట్టూనే మూగుతాయనే గంట ఆకారపు వక్రరేఖ గారి లెక్క ప్రకారం, 1987 అక్టోబరు 19న అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం పడడం లాంటి ఘటన విశ్వం వయసంతా కాచుకున్నా రాకూడదు. వచ్చింది. పెట్టుబడులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కోరిలేషన్ గారు మామూలు రోజుల్లో ఎడమొహం పెడమొహం, మార్కెట్ కూలిన రోజున అందరితో చెట్టపట్టాలు.

పోనీ, మీ పదైనా గట్టిదా? డీవియేషన్ 20 ఉన్నచోట 16 ఏళ్ళ రికార్డు తెచ్చారనుకుందాం. 16కి వర్గమూలం 4, దానితో 20ని భాగిస్తే 5, అదీ మీ సగటులో ఉండే తడబాటు. అటూ ఇటూ దానికి రెండింతలు వదిలితే, అసలు సగటు సున్నా కావచ్చు, 20 కూడా కావచ్చు. పదహారేళ్ళు చూసి చెప్పేది ఇదా? ఈ మాత్రం దానికి దశాంశ బిందువు, దాని వెనక రెండంకెలు! సిగ్గనిపించదూ?

వచ్చే స్టేట్‌మెంటులో మీరెంత లావున పడితే మీ తమ్ముడూ అంతే లావున, మీ పక్కనే పడాలి. నక్షత్రం గుర్తు చాటున, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కూర్చోబెట్టారో, ఈసారి ఉత్తరం ఇంత మర్యాదగా ఉండదు.

ఇట్లు,
నూటికి ఎనిమిది పోగొట్టుకుని పది శాతం లాభంలో ఉన్న మదుపరి