యువరాణి గారి మోకాళ్ళెక్కడ?

వెర్సాయ్ ప్యాలెస్ వాళ్ళ దగ్గరున్న ఒక బొమ్మ మీద నాకు గట్టి అభ్యంతరాలున్నాయి. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ గారమ్మాయి ఆన్రియెట్, బంగారు పని చేసిన ఎర్ర గౌను వేసుకుని, బాస్ వయొల్ అనే, కమానుతో వాయించే పెద్ద తీగల వాద్యం వాయిస్తూ కూర్చుంది. వేసింది జాన్ మార్క్ నాటియే, 1754లో. ఎత్తు దాదాపు రెండున్నర మీటర్లు, మామూలు గుమ్మంలోంచి నిలబెట్టి తీసుకెళ్ళలేం.

మొదటి అభ్యంతరం సాంకేతికం. ఈ వయొల్‌కి ఇప్పటి చెల్లోకి, అంటే కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి దానికి ఉన్నట్టు కింద ఇనప పుల్ల ఉండదు, కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకోవాల్సిందే. దీని ఇంకో పేరు వయోలా డ గాంబాలో గాంబా అంటే కాలే మరి. ఆ కాలపు దర్బారు గౌను కిందేమో నడుముకి రెండు పక్కలా పానియేలు కట్టుకునేవాళ్ళు, అంటే అచ్చంగా బుట్టలు. ఆ బుట్టలూ ఈ వయొల్ కలిసి ఒకే ఒళ్ళో ఎలా సర్దుకున్నాయో నాటియే చెప్పడు, ఎందుకంటే మోకాళ్ళు ఉండాల్సిన చోటల్లా పట్టు పరిచేశాడు.

రెండోది మొహం. ఏడు తీగలు, మెడ మీద పేగుతాడుతో కట్టిన మెట్లు, అరచేయి పైకి పెట్టి పట్టే కమాను, ఇంత పని ఉంటే ఆవిడ తాపీగా మన వైపు చూస్తోంది. నాకు తెలిసిన వాద్యగాళ్ళ మొహాలు వాయించేటప్పుడు బియ్యంలో రాళ్ళేరుతున్నట్టుంటాయి.

పోనీ ఆవిడకి వాయించడం రాదా అంటే అదీ కాదు. ఆవిడ గురువు జాన్ బాప్టిస్ట్ ఫోర్క్రే, తన తండ్రి పేరు మీద 1747లో అచ్చు వేసిన వయొల్ రచనల్ని ఆమెకే అంకితమిచ్చాడు. వాటి జోలికెళితే ఇప్పటి వాద్యగాళ్ళ వేళ్ళు కూడా మొరాయిస్తాయి. కానీ నాటియేకి గిరాకీ తెచ్చింది ఆడవాళ్ళని దేవతలుగా వేసే పని కదా, 1742లో ఇదే అమ్మాయిని పూలదేవత ఫ్లోరాగా వేశాడు. పూలు పట్టుకున్నా అదే మొహం, కమాను పట్టుకున్నా అదే మొహం!

ఇక్కడే నా కేసు కొంచెం చిక్కులో పడింది. 1752 ఫిబ్రవరిలోనే, 24 ఏళ్ళకే, మశూచితో పోయింది ఆన్రియెట్. బొమ్మ పూర్తయ్యేసరికి ఎదురుగా కూర్చోడానికి మనిషే లేదు. వయొల్ పరిస్థితీ అంతంతమాత్రమే. వయొలిన్, చెల్లోల దౌర్జన్యం నుంచి దాన్ని కాపాడాలని ఉబేర్ లె బ్లాన్ అనే న్యాయశాస్త్ర డాక్టరు 1740లోనే ఏకంగా ఒక పుస్తకం అచ్చేయించాడు, ఓడిపోయాడు.

కాబట్టి మొహం మీద అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. మోకాళ్ళ విషయంలో మాత్రం తగ్గేది లేదు.